బైబిలు కథలు – గృహధర్మము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



నేను పండితుడను గాను, మతబోధకుడనును గాను. చిరకాలము బడిపంతులుగ జీవించినవాడను. బైబిలు కథలనుండి మన నిత్యజీవితమునకు పనికివచ్చు సంగతులు కొన్ని చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. వారి యాదరమునకు కృతజ్ఞుడను. మన కులమున రామాయణ భారతములు పారాయణము చేయువారు కలరు; ఆదివారమున చర్చికి పోయి బైబిలు చదువువారును కలరు. ఒక్క యింటనే అన్న యొక మతమును, తమ్ముడొక మతమును అవలంబించి, ఒక్క పంక్తిని భుజించువారు ఈ సభలోనే యున్నారు. కావున నేనిపుడు మతమును గూర్చి ప్రసంగింపను. కథలను గూర్చి మాత్రము మనవిచేసెదను.

ఈ కథలు మనకు క్రొత్తవి కావు. విశాఖపట్టణమునందుండిన డెస్ గ్రాంజెస్ అను మిషనరీయు, ఆనందరాయరను దేశీయుడును కూడి తెనిగించిన సువార్తలు 1812వ సంవత్సరమున శ్రీరామపురమున ముద్రితములయ్యెను. నాటినుండి రెండువందల యేండ్లకు పైగా ఇవి తెలుగువారి చెవిని పడుచునే యున్నవి. వీనియందు నన్నాకర్షించిన గుణమొకటి కలదు: ఇవి గొప్పవారి తప్పులను దాచవు. రాజు పాపము చేసినచో చేసెననియే చెప్పును. ప్రవక్తకు తెలియని సంగతి యున్నచో తెలియలేదనియే చెప్పును. అందుచేతనే ఇంటిలో, పొలములో, సంఘములో నిత్యము తప్పులు చేయుచుండు మనకు ఇవి పనికివచ్చుచున్నవి.

ఈ దినమున నేను మీ యెదుట నుంచదలచిన సంగతి యొక్కటే. పెద్దవాని పెద్దరికము ఎదుటివాని మాట చెవిని బెట్టుటలో నున్నది. ఇందుకు మూడు కథలను విన్నవించెదను. మూడవదానితో నా సొంత కథయు కొంత చేరియున్నది.

మొదటిది నిర్గమకాండము 18వ అధ్యాయములోనిది. మోషే తన జనులను ఐగుప్తు దాస్యమునుండి విడిపించి యరణ్యమునకు తోడ్కొనివచ్చిన మహానాయకుడు. ఆయనను చూచుటకు మామగారైన యిత్రో వచ్చెను. యిత్రో మిద్యాను దేశపు యాజకుడు. ఇశ్రాయేలు వంశమువాడు కాడు. మరునాడు చూడగా అల్లుడు ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటిగ కూర్చుండి తీర్పులు చెప్పుచుండెను. జనులు తమ తగవులతో చుట్టును నిలిచి వేచియుండిరి. మామగారు మెచ్చుకొనలేదు. ఇట్లయినచో అల్లుడును జనులును గూడ నలిగిపోవుదురనియు, నమ్మదగినవారిని, లంచమును ద్వేషించువారిని ఏర్పరచి వేయిమందికొకని, నూరుమందికొకని, ఏబదిమందికొకని, పదిమందికొకని నియమింపవలయుననియు, చిన్న తగవులు వారికి విడిచి పెద్దవి మాత్రము తాను చూచుకొనవలయుననియు హితవు చెప్పెను. పరజాతివాడు, నిన్న వచ్చిన చుట్టము చెప్పిన మాట యని మోషే త్రోసివేయలేదు, అట్లే చేసెను.

మన యిండ్ల సంగతి యోచింపుడు. యజమాని పలుపుతాడు మొదలు పట్టా కాగితమువరకు సమస్తమును తన చేతనే యుంచుకొనును. ఆయనకు జబ్బు చేసిన దినమున బీరువా తాళపుచెవి ఎచ్చట నున్నదో భార్యకు తెలియదు. బ్యాంకులో నెంత యున్నదో, బాకీ లెవరికి గలవో కుమారునకు తెలియదు. మన సంఘములును ఇట్లే నడచుచున్నవి. కార్యదర్శి యొక్కడే రసీదు పుస్తకము మోయును, పందిరి వేయించును, విద్యార్థి వేతనముల దరఖాస్తులు చూచును. చప్పట్లు కొట్టి ఆతనినే మరల ఎన్నుకొందుము. ఆతడు అలసి తప్పుకొన్ననాడు పని తెలిసినవాడు మరియొకడుండడు. ఇది ఆతని తప్పొక్కటే కాదు, మన తప్పును గలదు.

రెండవ కథ సమూయేలు రెండవ గ్రంథమున 12వ అధ్యాయమునందు గలదు. దావీదు రాజు తన సైనికుడగు ఊరియా భార్యను పరిగ్రహించి, ఊరియాను యుద్ధమున ముందువరుస నిలిపించి చంపించెను. ఎవరును నోరు మెదపలేదు. అంత నాతాను ప్రవక్త వచ్చి రాజునకొక తగవు చెప్పెను. ఒక యూర ధనవంతుడొకడు, దరిద్రుడొకడు నుండిరి. ధనవంతునకు మందలు మందలు గొఱ్ఱెలు. దరిద్రునకు ఒక్క గొఱ్ఱెపిల్ల. అది వాని కంచములో తిని, వాని యొడిలో పండుకొని, కూతురివలె పెరుగుచుండెను. ధనవంతునియింటికి చుట్టము రాగా, తన మందను ముట్టక ఆ పేదవాని పిల్లను పట్టి కోయించెను. రాజు మండిపడి, అట్టివాడు చావదగినవాడనియు, నాలుగంతలు తిరిగి యీయవలసినదనియు తీర్పు చెప్పెను. ఆ మనుష్యుడవు నీవే యని నాతాను పలికెను. రాజు ఖడ్గమునకు చేయి చాపలేదు. తన పాపము నొప్పుకొనెను.

పరుల తగవునకు తీర్పు చెప్పుటకు కూర్చుండినపుడు మన చూపు మిక్కిలి స్వచ్ఛముగ నుండును. ఎదుటివాని గట్టు జరిగిన బెత్తెడు మనకు కనబడును; మన గట్టు జరిగిన బారెడు కనబడదు. దావీదు మనుమడగు రెహబాము ఇట్లు వినుట నేర్వలేదు. భారము తగ్గింపుమని జనులు మొఱపెట్టుకొనగా, వృద్ధుల యాలోచనను త్రోసి, తనతోడి యీడువారి మాట విని, మరింత భారము మోపెదనని బదులు చెప్పెను. ఆ యొక్క సమాధానముతో పది గోత్రములు విడిపోయెను.

ఇక మూడవ కథ. సెలోపెహాదు అనునతడు మనష్షే గోత్రమువాడు. అరణ్యమున మరణించెను. కుమారులు లేరు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యని యైదుగురు కుమార్తెలు. భూమిని గోత్రముల వారీగ పంచుటకు లెక్కలు వేయుచున్న సమయమున ఆ యైదుగురును గుడారపు ద్వారమున మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు నెదుటను, సర్వసమాజము నెదుటను నిలిచి, కుమారులు లేనంతమాత్రమున తమ తండ్రి పేరు మాసిపోవుట న్యాయమా, తమకు భాగమీయవలదా యని యడిగిరి. మోషే వారిని గద్దింపలేదు. తనకు తెలియని సంగతిని తెలిసినట్లు నటింపలేదు. దేవుని సన్నిధిని విన్నవించెను. వారు చెప్పినది న్యాయమే యని ప్రత్యుత్తరము వచ్చెను. ఇది సంఖ్యాకాండము 27వ అధ్యాయము.

అదే గ్రంథమున 36వ అధ్యాయమున ఆ వంశపు పెద్దలు వచ్చి, ఈ కన్యలు ఇతర గోత్రములవారిని పెండ్లాడినచో భూమి పరగోత్రము పాలగునని యాక్షేపించిరి. ఆ మాటయు వినబడెను. తమ తండ్రి గోత్రములోనే వివాహమాడవలయునని నియమ మేర్పడెను. వారు తమ తండ్రి సోదరుల కుమారులను వివాహమాడిరి. మనలో ననేకులకు అది సోదరవరుస; కావున కథలోని ప్రతి యాచారమును అనుసరింపవలయునని నేను చెప్పుటలేదు. గమనింపవలసిన దొక్కటి. పెద్దల యాక్షేపణను విన్నను, ఆ బిడ్డల భాగమును మాత్రము మోషే కొట్టివేయలేదు.

కథ అంతటితోనైన ముగియలేదు. యెహోషువ గ్రంథము 17వ అధ్యాయము చూడుడు. మోషే గతించెను. భూమి పంచు దినము వచ్చెను. ఆ యైదుగురు మరల వచ్చి, వెనుకటి యాజ్ఞను జ్ఞాపకము చేయవలసి వచ్చెను. అప్పుడు గాని భూమి చేతికి రాలేదు. ఆజ్ఞ పుట్టుట వేరు, పొలము చేత చిక్కుట వేరు.

మన దేశమున నడచిన కథయు ఇట్టిదే. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితమున కుమార్తెకు భాగమిచ్చెను. ఉమ్మడి యాస్తిలో పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ యిచ్చెను. అది 1985 సెప్టెంబరు 5 నుండి అమలు జరిగినను, అంతకు పూర్వమే పెండ్లియైనవారికి వర్తింపలేదు. 2005లో పార్లమెంటు ఆ భేదమును తొలగించి దేశమంతటికిని హక్కును కలుగజేసెను. ఆ సవరణనాటికి తండ్రి జీవించియుండవలయునను నియమము లేదని 2020 ఆగస్టు 11వ తేదీన సుప్రీముకోర్టు నిర్ణయించెను. క్రైస్తవులకు వర్తించు 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము, వీలునామా లేనిచోట, కుమారునకును కుమార్తెకును సమభాగమే యిచ్చుచున్నది. కుమారుడు లేనప్పుడే కుమార్తె కన్న ఆ ప్రాచీనాజ్ఞకంటె మన చట్టము ముందడుగు వేసినది. చట్టమునకు లోపము లేదు. లోపము మన యిండ్లలో నున్నది.

నా యింటి సంగతియే చెప్పెదను. మా తల్లి ముందే గతించెను. తరువాత తండ్రిగారు కాలధర్మము నొందిరి. వీలునామా లేదు. ఆయన స్వార్జితము నాలుగెకరముల మాగాణి. సంతానము నేనును, నా చెల్లెలును. పెండ్లికి కట్నమిచ్చితిమి గదా యని, దినవారములు ముగియగనే ఆమెను రిజిస్ట్రారు కచేరీకి తోడ్కొనిపోయి, హక్కువిడుదల దస్తావేజుపై వ్రాలు చేయించితిని. ఆమె చదువలేదు, అన్న చూపినచోట వ్రాలు చేసెను. పట్టుచీర పెట్టి బండి యెక్కించితిని. ధర్మము తప్పని యన్ననే యనుకొంటిని. ఊరిలోని యితరుల పంపకములకు పెద్దమనిషిగ పోయి న్యాయము చెప్పుచునే యుంటిని. కొన్నియేండ్లకు ఆమె భర్త మంచము పట్టెను. ఆమె కూలికి పోవలసివచ్చెను. నేనప్పుడప్పుడు బియ్యము పంపుచుంటిని; అదియు నా యౌదార్యమే యనుకొంటిని.

ఒకనాటి రాత్రి నా కుమార్తె సెలోపెహాదు బిడ్డల కథను నాకు చదివి వినిపించి, "నాన్నగారూ! అత్తయ్యకు మన పొలములో వాటా లేదా?" యని యడిగెను. నా యింట నాతాను పండ్రెండేండ్ల పిల్లయై వచ్చెను. నాకు నోట మాట రాలేదు. పది దినములు యోచించి, రెండెకరములను చెల్లెలి పేర సెటిల్‌మెంటు దస్తావేజు వ్రాయించి యిచ్చితిని. ఆమె సంతోషించునని తలంచితిని. ఆమె యా కాగితమును చేతబట్టుకొని, "అన్నయ్యా! నేనడిగితినా?" యని యేడ్చెను. అడుగలేదు, నిజమే. అడిగినచో పుట్టింటి గడప దూరమగునని భయపడి యడుగలేదు. నాటి తర్వాత నాకొక సంగతి తెలిసినది. మన యాడపడుచులు అడుగకుండుట వారి సమ్మతి కాదు. నడుమ నేను తినిన పంటలను మాత్రము తిరిగి యీయలేకపోతిని.

కావున ఈ మహాసభవారిని మూడు కోరికలు కోరుచున్నాను. ఏ యింటనైనను ఆడపడుచుచేత వ్రాలు చేయించుటకు ముందు ఆ కాగితమును ఆమెకు చదివి వినిపించి, నకలొకటి చేతికిచ్చి, నెలదినములు గడువీయుడు. తగవులు తీర్చు మన సంఘములో స్త్రీలకు స్థానమీయుడు. గుడారపు ద్వారమున నిలిచి యడుగుటకు ఆ యైదుగురికి చోటు దొరికినది గదా. కార్యదర్శి భారమును పదిమంది పంచుకొని, జమాఖర్చులు ఏటేట సభలో చదివించుడు.

నా తప్పును మీ యెదుట చెప్పుకొన్నది మెప్పు కొరకు కాదు. ఇంటికి పోయి మీరు మీ చెల్లెండ్రను ఒక్కమాట యడిగి చూతురని.