గుద్దుకొనుటకు ముందు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు చెప్పిరి. ఆ రెంటిలోని కష్టము అనుభవించినవారికే తెలియును. వానికిప్పుడు మూడవది యొకటి చేర్చవలసి యున్నది: కారు పగులగొట్టి చూడు. కట్టుటకు శ్రమ గాని పగులగొట్టుటకు శ్రమ యేమి యని శ్రోతలు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి. ఆర్మూరులో ఒక మేస్త్రీ మా నవ్వును మాన్పించెను.

పసుపు పంట ఇంటికి వచ్చు కాలమున మేము ఆర్మూరు మీదుగా పోవుచుంటిమి. ఊరి చుట్టునున్న కల్లములలో ఉడికించిన పసుపు కొమ్ములు ఎండుచుండెను. గాలి యంతయు ఆ వాసనయే. నాగపూరు నుండి హైదరాబాదు వైపు పోవు 44వ నంబరు జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు పోవు 63వ నంబరు రహదారియు అచ్చటనే కలిసికొనును. కనుక బండ్లు బాగుచేయు షెడ్లకు ఆ యూరిలో కొరత లేదు. మా కారు మొరాయింపగా అట్టి షెడ్డులో గంటసేపు కూర్చుండవలసి వచ్చినది. మేస్త్రీ గల్ఫు దేశములలో చాల కాలము పనిచేసి వచ్చినవాడు. డిక్కీ గల చిన్న కారు నొకదానిని, ఆయువు తీరినదానిని, తుక్కు క్రింద విప్పుచుండెను.

మాటల సందర్భమున ఆయన తన మేనల్లుడు అమెరికా నుండి పంపిన చలనచిత్రమును ఫోనులో మాకు చూపెను. బురద మైదానములో పది పండ్రెండు చిన్న కార్లు ఒకదాని నొకటి గుద్దుచున్నవి. జనము కేకలు వేయుచున్నారు. ఇదేమి పిచ్చి యని మేము నవ్వితిమి. ఆయన నవ్వలేదు. "గుద్దుడు కాదు సారూ, గుద్దక ముందు ఆ కారుకు ఏమేం చేసిన్రో అది సూడుండ్రి" అనెను. ఆ మాట మనస్సున నాటుకొనగా ఈ విషయమును గూర్చి కొంత తెలిసికొంటిమి. దానిని శ్రోతలకు విన్నవించుటయే ఈ ప్రసంగము.

ఈ ఆటకు డెమోలిషన్ డెర్బీ యని పేరు. డెర్బీ యనునది 1780లో ఇంగ్లండులోని ఎప్సమ్ మైదానమున డెర్బీ ప్రభువు పేర మొదలైన గుఱ్ఱపు పందెము. డెమోలిషన్ అనగా కూలగొట్టుట. న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండులోని ఐస్లిప్ పందెపు మైదానమున 1958లో లారీ మెండెల్సన్ అను నాతడు ఈ ఆటను నిర్వహించి ప్రచారమునకు తెచ్చెను. మన జాతరలలో రంగులరాట్నము వలె అచ్చటి జిల్లా వ్యవసాయ ప్రదర్శనలలో ఈ ఆట ఉండును. తుక్కునకు పోవలసిన కార్లే దీనికి వచ్చును. పెద్ద కార్లకు వేఱుగాను, చిన్న కార్లకు వేఱుగాను పోటీలు జరుపుదురు. చివరకు ఏ కారు కదలగలిగి యున్నదో అదే గెలుపు.

యంత్రములను గుద్దించి చూచు సరదా ఇంతకంటెను పాతది. టెక్సాసులో 1896 సెప్టెంబరు 15న విలియం జార్జి క్రష్ అను రైల్వే ఉద్యోగి రెండు రైలు ఇంజనులను ఎదురెదురుగా పరుగెత్తించి గుద్దించెను. చూచుటకు సుమారు 40 వేల మంది వచ్చిరి. బాయిలర్లు పగులవని నిర్వాహకులు నమ్మిరి. అవి ప్రేలెను, ఇనుప తునుకలు జనము మీద పడి కనీసము ఇద్దరు మరణించిరి. సుప్రసిద్ధ సంగీతకర్త స్కాట్ జోప్లిన్ ఆ గుద్దుపాటు పేర ఒక పియానో రచనను ఆ ఏడే ప్రకటించెను. వినోదమునకు అన్ని ఏర్పాట్లు జరిగినవి. అపాయమునకు తగిన ఏర్పాటు మాత్రము జరుగలేదు. నేటి డెర్బీ నియమములు చదువునపుడు మాకు ఆ రెండు ఇంజనులే జ్ఞప్తికి వచ్చినవి.

చిన్న కారును ఈ ఆటకు సిద్ధము చేయుటలో మొదటి పని గాజును తీసివేయుట. ముందు అద్దము, వెనుక అద్దము, తలుపుల అద్దములు, దీపములు, అన్నియు పోవలసినవే. పగిలిన తరువాత ఏరుటకంటె పగులక ముందు తీయుట సులభము గదా! ముందు అద్దమున్న చోట డ్రైవరు ముఖమునకు అడ్డముగా ఇనుప కడ్డీలు గాని వల గాని బిగింతురు. వెనుక సీటు, తివాచీలు, ప్లాస్టిక్కు తొడుగులు, డిక్కీలోని అదనపు చక్రము, జాకీ, ఊడివచ్చునది యేదైనను బయటకు పోవును. ఏలయన కారు ఆగినను అందులోని వస్తువు ఆగదు. తన వేగముతో తాను ముందుకు పోవును. మఱచి విడిచిన పానా యొకటి ఆ సమయమున సుత్తి దెబ్బ కొట్టును.

రెండవ పని నిప్పును దూరముంచుట. పెక్కు చిన్న కార్లలో పెట్రోలు టాంకి వెనుక సీటు క్రింద, వెనుక ఇరుసుకు ముందుగా ఉండును. అట్టిదానిని కొన్ని పోటీలలో ఉన్నచోటనే ఉండనిత్తురు. ఇరుసుకు వెనుక, అనగా దెబ్బ తగులు చోట, ఉన్న టాంకిని మాత్రము తీసివేసి చిన్న ఇనుప టాంకిని కారు నడుమ బోల్టులతో బిగించి, ఆటకు చాలినంత పెట్రోలే పోయుదురు. బోనెట్టు క్రింది బ్యాటరీని తెచ్చి డ్రైవరు ప్రక్కన నేల మీద బిగించి, పైన రబ్బరు కప్పుదురు. బోనెట్టు నడుమ పెద్ద రంధ్రము కోయుదురు. నిప్పు పుట్టినచో మూత తెరువకయే ఆర్పుటకు వీలగును. రేడియేటరులో మందు నీరు తీసివేసి వట్టి నీరే పోయుదురు.

మూడవ పని మనిషిని కాపాడుట. తలుపులు తెరచుకొనకుండ వెల్డింగు చేయుదురు, లేదా గొలుసులతో బంధింతురు. సీటు వెనుక అడ్డముగా బలమైన ఇనుప కడ్డీ వేయుదురు. డ్రైవరు వైపు తలుపునకు లోపల మెత్త, వెలుపల ఇనుప రేకు వేసి, అందరికి కనబడునట్లు తెల్లరంగు పూయుదురు. గాలి సంచులను తీసివేయుదురు. మొదటి దెబ్బకే తెరచుకొని అవి చూపునకు అడ్డము వచ్చును. బెల్టు, శిరస్త్రాణము లేనివానిని మైదానములోనికి రానీయరు.

నియమములును ఇట్టివే. డ్రైవరు తలుపును కావలెనని గుద్దరాదు. గుద్దినవాడు ఆటకు వెలి. ఆ తలుపు దగ్గఱ ఒక చిన్న కఱ్ఱ నిలువుగా కట్టి యుండును. చాలునని తోచినవాడు దానిని విఱిచినచో ఇక వానిని ఎవరును ముట్టరాదు. వేగము పెరుగకుండ నేలను తడిపి బురద చేయుదురు. ఆరితేరినవారు వెనుకకు నడపుచు డిక్కీతోనే గుద్దుదురు. చిన్న కారులో ఇంజను, రేడియేటరు, చక్రములను త్రిప్పు ఇరుసులు అన్నియు ముందు భాగముననే ఉండును గనుక.

ఈ ఆట నిరపాయకరమని మేము చెప్పుట లేదు. ఇంత చేసినను మెడలు బెణుకును, ఎముకలు విఱుగును. దీనిని మన ఊళ్ళకు తేవలెననియు మా కోరిక కాదు. మేస్త్రీ సూచించిన విషయము వేఱు. గుద్దుకొనవలెనని పోవువాడు బురదలో, మెల్లగా, ఇన్ని జాగ్రత్తలతో పోవుచున్నాడు. గుద్దుకొనరాదని పోవు మనము తారు రోడ్డు మీద, అంతకు రెండు మూడు రెట్ల వేగముతో, ఏ జాగ్రత్తతో పోవుచున్నాము?

కేంద్ర ప్రభుత్వపు లెక్క ప్రకారము 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించిరి. వారిలో 16,715 మంది కారు బెల్టు కట్టుకొననివారు. అందు డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. ఈ రెండు అంకెలును ఇంచుమించు సమానము. బెల్టు డ్రైవరుకే గాని మనకు గాదను నమ్మకము ఎంత ప్రాణాంతకమో ఆ రెండవ అంకెయే చెప్పుచున్నది.

గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను గుద్దుట సుమారు 32 అడుగుల ఎత్తు నుండి నేల మీద పడుటతో సమానము. అంత ఎత్తున పిట్టగోడ లేని మేడ మీద బిడ్డను ఒడిలో పెట్టుకొని అంచున కూర్చుండు తల్లి యుండదు. కారులో మాత్రము ముందు సీటున అట్లే కూర్చుందుము. గుద్దుపాటులో బిడ్డను చేతులతో పట్టి యాపుట ఏ తల్లికిని సాధ్యము గాదు. అది ప్రేమకు సంబంధించిన విషయము కాదు, బరువునకు, వేగమునకు సంబంధించిన విషయము.

భుజము మీదుగా నడుమునకు వచ్చు బెల్టును 1959లో స్వీడను దేశపు ఇంజనీరు నిల్స్ బోలిన్ వోల్వో సంస్థలో రూపొందించెను. ఆ సంస్థ దానిని ఇతర కంపెనీలును వాడుకొననిచ్చెను. దానిని కట్టుకొననివారికి మన చట్టము 2019 సవరణ ప్రకారము వెయ్యి రూపాయల జరిమానా విధించును. కట్టుకొననపుడు కారు గంట మ్రోగించి హెచ్చరించును. ఆ గంట నోరు మూయించుటకు కొక్కెములో దూర్చు ఖాళీ బిళ్ళలు అంగడిలో వచ్చినవి! 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాని అమ్మకమును మాన్పవలెనని ఆన్‌లైను అమ్మకపు సంస్థలను ఆజ్ఞాపింపవలసి వచ్చెను. గుద్దులాటవాడు తనను కాపాడుకొనుటకు డబ్బు వెచ్చించి ఇనుము కొనుచున్నాడు. మనము కాపాడు వస్తువును మోసగించుటకు డబ్బు వెచ్చించి బిళ్ళ కొంటిమి.

కారులోని సామాను సంగతియు ఇంతే. వెనుక అద్దము క్రింది పలక మీద ఇత్తడి బొమ్మలు, నీళ్ళ సీసాలు, గొడుగులు పెట్టుదుము. పెండ్లికి పోవునపుడు గంగాళములు సీటు మీదనే ఎక్కింతుము. సంత నుండి వచ్చునపుడు పసుపు బస్తా వెనుక సీటున కూర్చుండును. ముందు సీటువాని మెడ దానికి ఎదురుగా ఉండును. ఇవన్నియు డిక్కీలో చేరవలసినవి. బ్యాటరీ పట్టీ వదులైన బండ్లు, పెట్రోలు వాసన కొట్టుచున్నను నడపుచున్న బండ్లు మన వీథులలో ఎన్ని లేవు?

మా కారు బాగుపడు లోపల మేస్త్రీ ఆ పాత కారు పని ముగించెను. మొదట బ్యాటరీ తీసెను. తరువాత పెట్రోలు తీసెను. ఆ తరువాత అద్దములు. విప్పుటకైనను, గుద్దుటకైనను వరుస ఒక్కటే.

మేము కూలి యిచ్చి వెనుక సీటున కూర్చుంటిమి. ఆయన కిటికీ వద్దకు వచ్చి, "బెల్టు సారూ" అనెను. వెదకితిమి. కొక్కెము కనబడలేదు. కారు కొన్ననాడు ముచ్చటపడి వేయించిన మెత్తని సీటు తొడుగు క్రింద అది ఆరేండ్లుగా పడియుండెను. మేస్త్రీ కత్తెర తెచ్చి తొడుగును చీల్చి కొక్కెమును పైకి తీసెను. ఆ పనికి కూలి పుచ్చుకొనలేదు.

ఈ ప్రసంగము విన్న పిదప శ్రోతలు ఒక్కసారి తమ కారు వెనుక సీటు తొడుగు క్రింద చేయి పెట్టి చూడవలెనని మా మనవి.