ర్యాప్ పాట: యాస, యాజమాన్యం

దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్.బి. నగర్‌కు మధ్య మెట్రో రైలు ఆగే స్టేషన్లు రెండే: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరులో ఈ మార్గం తెరిచినప్పటి నుండి ఈ రెండు పేటలూ ఒకే వీధిలోని రెండు కొసలవలె అయినవి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల నుండి విజయవాడ రహదారి వెంట వచ్చే విద్యార్థికి నగరం మొదట ఎల్.బి. నగర్ కూడలిలో ఎదురవుతుంది. తరువాత అతడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక హాస్టలులో మంచం సంపాదించి, పోటీ పరీక్షల శిక్షణలో చేరుతాడు. పగలంతా లెక్కలు, జనరల్ స్టడీస్. సాయంకాలం చాయ్ దుకాణం ముందర వాదోపవాదాలు. పూర్వం ఆ వాదాలు సినిమా కథానాయకుల గురించి, క్రికెట్టు గురించి నడిచేవి. ఇప్పుడు వాటితోపాటు ర్యాప్ పాట కూడా వచ్చి కూర్చున్నది.

శ్రోతలలో పెద్దలైనవారికి ఈ పేరు క్రొత్తగా తోచవచ్చు. మీ యింటి కుర్రవానికి మాత్రం క్రొత్త కాదు. ర్యాప్ అంటే దరువుకు తగినట్లు, ప్రాసలు కూర్చుకుంటూ, వేగంగా మాట చెప్పే పద్ధతి. అది పూర్తిగా పాడటమూ కాదు, ఉత్త పలకడమూ కాదు. 1970లలో న్యూయార్క్ నగరపు బ్రాంక్స్ పేటలో, నీగ్రో జాతి, కరీబియన్ కుటుంబాల పిల్లల వేడుకలలో పుట్టింది. బుర్రకథలో కథకుని వచనం గుమ్మెట దరువు మీద నడవడమూ, ఒగ్గుకథలో మాట పాటగా మారడమూ విన్న మనకు, మాటా దరువూ కలిసి నడవడం అనేది వింత కానక్కరలేదు. తెలుగువారిలో చాలామంది ఈ పద్ధతిని మొదట విన్నది 1994లో, ఎ.ఆర్. రహ్మాన్ సంగీతం సమకూర్చిన తమిళ చిత్రం 'కాదలన్' తెలుగులో 'ప్రేమికుడు'గా వచ్చినప్పుడు.

ఇక వాదం సంగతి. అమెరికాలో దక్షిణ రాష్ట్రాల ర్యాప్ కంపెనీలు న్యూయార్క్‌ను మించి ఎట్లా ఎదిగినవి, వాటి తారలు నిజంగా గొప్ప కళాకారులా లేక వ్యాపారం చేసిన సృష్టా అన్నది అభిమానుల మధ్య నలుగుతున్న ప్రశ్న. ఒకరు పాటలోని మాటను తూకం వేస్తారు, మరొకరు అమ్మకాల లెక్క చెబుతారు. మన పిల్లలకు పదివేల మైళ్ళ అవతలి తగాదా ఎందుకు అని పెద్దలు విసుగుకొనవచ్చు. కాని ఆ కథ వింటే, అది మన కథకు ఎంత దగ్గరో తెలుస్తుంది.

ముందు ఒక మాట గురించి వివరణ అవసరం. రికార్డు కంపెనీని వీరు 'లేబుల్' అంటారు. గ్రామఫోను రికార్డు నడుమ గుండ్రని కాగితం అతికించి, దాని మీద కంపెనీ పేరు అచ్చువేసేవారు గదా! ఆ చీటీ పేరే కంపెనీకి స్థిరపడింది. రికార్డు పోయింది, చీటీ పోయింది, పేరు మిగిలింది.

ర్యాప్ మొదట ఉత్తరాది న్యూయార్క్‌ది, పిదప పడమటి తీరపు లాస్ ఏంజిలిస్‌ది. దక్షిణాదివారి యాస సాగదీసినట్లు ఉంటుందని, వారు పల్లెటూరివారని, వారికి మాటలో పదును లేదని ఆ రెండు చోట్లా చులకన ఉండేది. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో 'సోర్స్' పత్రిక బహుమతుల సభ జరిగింది. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నుండి వచ్చిన 'అవుట్‌కాస్ట్' అనే ఇద్దరు యువకులకు ఉత్తమ నూతన బృందమని బహుమతి ప్రకటించగానే సభలో కొందరు గేలి చేశారు. వారిలో ఒకడైన ఆండ్రే, దక్షిణాదికి కూడా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నదని ఆ వేదిక మీదనే చెప్పి దిగిపోయాడు. 2004లో అదే బృందం ఆల్బమునకు గ్రామీ సంస్థవారి అత్యున్నత ఆల్బమ్ బహుమతి లభించింది. తమ యాసను దిద్దుకొని వారు గెలవలేదు. తమ యాసతోనే గెలిచారు. ఆ విజయంతో వాదం ఆగిందా? ఆగలేదు. 2006లో న్యూయార్క్ గాయకుడు నాస్, హిప్-హాప్ చనిపోయిందనే అర్థం వచ్చే పేరుతో ఆల్బమ్ విడుదల చేస్తే, అది తమ మీద విసిరిన రాయి అని దక్షిణాది గాయకులు పలువురు నొచ్చుకున్నారు.

ఈ కథ విన్న నల్లగొండ కుర్రవానికి తన కథ స్ఫురించడంలో ఆశ్చర్యమేమున్నది? తెలంగాణ యాస దశాబ్దాల తరబడి మన సినిమాలలో హాస్యగానికో, రౌడీకో మాత్రమే దక్కింది. ఆ యాసలోనే, హైదరాబాదు గల్లీలలో ఉర్దూ కలిసిన తెలుగులోనే, పాటలు కట్టి యూట్యూబులో తామే విడుదల చేసినవారు రోల్ రైడా, రాహుల్ సిప్లిగంజ్ మొదలైనవారు. వారి పాట వినేందుకు సినిమా టిక్కెట్టు అక్కరలేదు. కథానాయకుడు పెదవి కదపనక్కరలేదు. మంగ్లీ వంటివారి బతుకమ్మ, బోనాల పాటలు కూడా ఆ దారినే ఇంటింటికీ చేరినవి. "మన యాసల చెప్తెనే మన పాట" అని చాయ్ దుకాణం వాదంలో ఒక పక్షం. ఈ పక్షాన్ని కాదనడం కష్టం.

రెండవ పక్షం 2024లో బలం పుంజుకున్నది. ఆ యేడు కేరళలో పుట్టి, అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగిన హనుమాన్‌కైండ్ అనే గాయకుడు, కల్మీ కట్టిన దరువు మీద ఇంగ్లీషులో చెప్పిన 'బిగ్ డాగ్స్' అనే పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 23వ స్థానం వరకు ఎగబ్రాకింది. దక్షిణ భారతం నుండి ఒకడు, దక్షిణ అమెరికా రాష్ట్రాల పలుకుబడితో ప్రపంచాన్ని మెప్పించాడు. ఇక యాస పట్టుదల ఎందుకు అని వీరి ప్రశ్న. అతని గొంతులోని హ్యూస్టన్ పలుకు తెచ్చిపెట్టుకున్నది కాదు, పెరిగిన ఊరిది అని మొదటి పక్షం సమాధానం. నాకు తోచినంతలో ఈ సమాధానం సరియైనదే. ఎవడు పెరిగిన వీధి వానిది.

అయితే ఈ యాస తగాదాలో పడి మన యువకులు రెండవ సగాన్ని మరచిపోతున్నారని నా మనవి. అమెరికా దక్షిణాది కేవలం యాసతో లేవలేదు. పెద్ద కంపెనీలు తమ ఊరికి రాకపోవడం చేత వారు తమ కంపెనీలు తామే పెట్టుకున్నారు. 1980లలో హ్యూస్టన్‌లో 'ర్యాప్-ఎ-లాట్', 1991లో న్యూ ఆర్లీన్స్‌లో 'క్యాష్ మనీ' ఈ విధంగా ఏర్పడినవి. కార్ల డిక్కీలలో క్యాసెట్లు పెట్టుకొని ఊరూరా అమ్మినవారు ఉన్నారు. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన మాస్టర్ పి, తన 'నో లిమిట్' సంస్థ తరపున 1996లో ప్రయారిటీ అనే కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. పంపిణీ మాత్రమే వారిది. మూల ముద్రణల హక్కు తనది. రాబడిలో నూటికి 85 వంతులు తనవి. ఇది ఈనాటికీ సంగీత వ్యాపారంలో ఉదాహరణగా చెప్పుకునే ఒప్పందం.

అట్లని సొంత ఊరి కంపెనీ అంతా ధర్మసత్రమని భ్రమపడరాదు. క్యాష్ మనీ సంస్థ 1998లో యూనివర్సల్‌తో మూడు కోట్ల డాలర్లదని చెప్పబడే ఒప్పందం కుదుర్చుకున్నది. ఆ సంస్థలోనే బాల్యం నుండి పెరిగిన లిల్ వేన్, తనకు రావలసిన సొమ్ము రాలేదని 2015లో ఆ సంస్థ మీదనే 5 కోట్ల 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. 2018లో రాజీ కుదిరింది. అట్లాంటాలో 2013లో పుట్టిన 'క్వాలిటీ కంట్రోల్' సంస్థ 2023లో కొరియా దేశపు హైబ్ సంస్థ వశమైంది. కనుక ఊరివాడు యజమాని కావడం వేరు, పాడినవాడు యజమాని కావడం వేరు. అభిమానుల వాదంలో ఈ రెండూ ఒకటిగా కలిసిపోతున్నవి.

ఇక్కడ ఒక పోలిక చెబుతాను. 2006 మార్చిలో మెంఫిస్ నగరపు ర్యాప్ బృందం 'త్రీ సిక్స్ మాఫియా'కు ఉత్తమ గీతానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. 2023 మార్చిలో అదే బహుమతి మన 'నాటు నాటు' పాటకు వచ్చింది. ఆ పాటను కాలభైరవతో కలిసి వేదిక మీద పాడినవాడు మన హైదరాబాదు గల్లీల రాహుల్ సిప్లిగంజే. అయితే ప్రతిమను అందుకున్నవారు స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. ఆ బహుమతి నిబంధనే అది. పాట కట్టినవారికే గాని పాడినవారికి కాదు. మెంఫిస్‌వారు తమ పాటను తామే వ్రాసుకున్నారు కనుక ప్రతిమను తామే ఇంటికి తీసుకుపోయారు. ఎవరినీ తప్పు పట్టడానికి నేనీ పోలిక తేలేదు. పాటలో వాటా అనేది గొంతును బట్టి గాక, కాగితాన్ని బట్టి నిర్ణయమవుతుందని చూపడానికి తెచ్చాను.

మన దేశంలో ఆ కాగితపు చరిత్ర కొంచెం తెలుసుకొనదగినది. కాపీరైటు చట్టం 1957 నాటిది. సినిమా కొరకు ప్రతిఫలం పుచ్చుకొని వ్రాసిన పాటకు, కట్టిన బాణీకి మొదటి హక్కుదారు నిర్మాతయే అని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ కృష్ణయ్యర్, గాయకునికి ఈ చట్టంలో చోటే లేకపోవడం గురించి ప్రత్యేకంగా ప్రస్తావించారు. ముప్పది అయిదు సంవత్సరాల పిదప, 2012లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఉన్నది. సినిమా హాలులో చిత్ర ప్రదర్శనకు అది వర్తించదు గాని, తక్కిన వినియోగాలన్నింటికీ వర్తిస్తుంది. ఆ వాటాను వదులుకుంటున్నానని సంతకం చేసినా ఆ సంతకం చెల్లదు. వ్యాపార వినియోగంలో ప్రదర్శకునికి కూడా రాయల్టీ హక్కు ఏర్పడింది.

ర్యాప్ గాయకుని విషయంలో దీని ప్రయోజనం రెట్టింపు. సాధారణంగా మాట అతనిదే, గొంతూ అతనిదే. అందుచేత రచయితగా ఒక హక్కు, ప్రదర్శకునిగా ఒక హక్కు అతనికి చేరతాయి. దరువు కట్టిన మిత్రుడు కూడా హక్కుదారే అని అతడు మరువరాదు. ఆ మిత్రునితో కూడా ముందుగానే వ్రాతకోతలు ఉండాలి. శబ్ద ముద్రణ మీది హక్కు మాత్రం దాని నిర్మాతది, అనగా సాధారణంగా ఖర్చు పెట్టుకొని రికార్డు చేయించినవారిది. ఇంకొక సంగతి. హక్కులు వ్రాసి ఇచ్చే పత్రంలో గడువు పేర్కొనకపోతే అయిదు సంవత్సరాలనే చట్టం భావిస్తుంది. ప్రదేశం పేర్కొనకపోతే భారతదేశం మాత్రమే అని భావిస్తుంది. కనుకనే తయారుగా అచ్చువేసి తెచ్చే పత్రాలలో శాశ్వతంగా అనీ, ప్రపంచమంతటా అనీ రెండు మాటలు కనిపిస్తుంటాయి. సంతకానికి ముందు ఆ రెండు మాటల దగ్గర వేలు పెట్టి, వీటికి బదులుగా నాకేమి వస్తుందని అడగవలసి ఉంటుంది.

"ఏం జేస్తవ్ అన్నా, మనోడు పేరు తెచ్చుకున్నడు, సరిపోదా?" అని చాయ్ దుకాణంలో తమ్ముడు అడగవచ్చు. పేరు చిన్న విషయం కాదు. ఊరి నుండి వచ్చి, నలుగురితో గది పంచుకొని, ఫోనులో పాట రికార్డు చేసుకునే కుర్రవానికి పేరే మొదటి జీతం. కాని పాట వయస్సు పేరు వయస్సు కంటె పెద్దది. ముద్రణ మీద హక్కు అరువది సంవత్సరాలు నడుస్తుంది. ఇరువదవ యేట చేసిన సంతకం ఎనుబదవ యేటి వరకు మాట్లాడుతుంది.

సినిమాకు వెలుపల తెలుగు పాట నిలువగలదా అనే సందేహం కూడా ఆ వాదాలలో వినవస్తుంది. మా రేడియోవారికి ఆ సందేహం అక్కరలేదు. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టిన కాలంలో శ్రోతలు సిలోను రేడియో వైపు మళ్ళిన మాట నిజమే. 1957 అక్టోబరులో వివిధభారతి ఆరంభమైనది అందుకే. కాని ఆ రోజులలోనే బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారు సినిమాతో నిమిత్తం లేని లలిత గీతాన్ని తెలుగు ఇళ్ళలో నిలబెట్టారు. ఆనాడు దానికి ఆధారం ప్రభుత్వ సంస్థ. ఈనాటి కుర్రవానికి అట్టి ఆధారం లేదు. ఒక ఫోను, ఒక యూట్యూబు ఖాతా, ఒక ఒప్పంద పత్రం ఉన్నవి. మొదటి రెండింటిని అతడు బాగా ఎరుగును. మూడవదానిని చదవడంలో ఇంటి పెద్దలు తోడ్పడవచ్చు.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. మీ అబ్బాయి, లేదా అమ్మాయి, ఈ పాట కడుతున్నట్లు తెలిస్తే, అది సంగీతమా కాదా అని తీర్పు చెప్పడానికి తొందరపడకండి. ఆ వాదం బ్రాంక్స్‌లోనూ తెగలేదు, అట్లాంటాలోనూ తెగలేదు, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ తెగదు. ఎవరైనా పత్రం తెచ్చి సంతకం అడిగితే మాత్రం ఆ రాత్రి వారితో కూర్చొని, పొలం దస్తావేజు చదివినంత శ్రద్ధగా, మొదటి పంక్తి నుండి చివరి పంక్తి వరకు చదవండి. తెలియని చోట వకీలును అడగండి. అభిమానులైన యువకులకు కూడా ఒక మాట. ఏ తార పెద్దది అని రేపు వాదించుకునేటప్పుడు, ఆ తార పాట ఏ పేరున నమోదై ఉన్నదో కూడా ఒకసారి వెదకి చూడండి.