ఒకే కడలి, వేర్వేరు నేలలు
(డెలానీపూర్‌లో విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



దేశపటంలో అండమాన్ నికోబార్ దీవులు బంగాళాఖాతంపై చల్లిన చుక్కల వలె కనిపిస్తాయి. అన్నీ కలిసి 8,249 చదరపు కిలోమీటర్లు. సముద్రంలో మునిగిన ఒక పర్వతశ్రేణి శిఖరాలే ఇవి. పుట్టుక ఒకటే అయినా వీటి స్వభావం ఒకటి కాదు.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఒక భాగం ఈ డెలానీపూర్. ఈ నగరం ఎత్తుపల్లాల నేలపై వెలసినది. ఇక్కడి నుండి ఉత్తరంగా సాగితే బారాటాంగ్‌లో బురదను వెలిగ్రక్కే గుంటలు, సున్నపురాతి గుహలు కనిపిస్తాయి. ఇంకా ఉత్తరాన 732 మీటర్ల శాడిల్ శిఖరం నిలిచి ఉన్నది. ఈశాన్యాన బారెన్ దీవిలోని అగ్నిపర్వతం ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రించి 1991లో మేల్కొన్నది. దక్షిణాన పది డిగ్రీల జలసంధి దాటగానే దృశ్యమే మారిపోతుంది. కార్ నికోబార్ బల్లపరుపు నేల, కొబ్బరితోటలకు ఆలవాలం. గ్రేట్ నికోబార్ కొండలు, ఏరులు, దట్టమైన వర్షారణ్యాల సీమ.

ఈ భేదాన్ని 2004 డిసెంబరు 26 నాటి భూకంపం కన్నులకు కట్టినట్లు చూపింది. ఉత్తర అండమాన్ పశ్చిమతీరం పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడి ఎండిపోయాయి. దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు క్రుంగగా సిప్పీఘాట్ పొలాలలో ఉప్పునీరు నిలిచింది. దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి దీపస్తంభం నీటిలో నిలిచింది. కంపించినది ఒకే భూమి. ఒక్కొక్క నేల ఒక్కొక్క విధంగా బదులు పలికింది.

నేలను బట్టియే జీవనం. 1949 నుండి తూర్పు బెంగాల్ కాందిశీకులు ఇక్కడి లోయలలో వరి పండించారు. ఉత్తరాంధ్ర తీరం నుండి వచ్చిన తెలుగువారిలో పలువురు చేపల వేటనే ఆధారం చేసుకున్నారు. వీరందరికంటే ఎంతో ముందే జరావాలు, ఓంగేలు, షోంపెన్‌లు అడవినే ఇల్లు చేసుకున్నారు. బయటివారు ఖాళీ భూమి అనుకున్నది వారికి వేటతావు, ఊటనీరు, తాతముత్తాతల నెలవు.

గ్రేట్ నికోబార్‌లో భారీ రేవు, నగరం నిర్మించే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి లభించింది. దానిపై వాదప్రతివాదాలు సాగుతున్నాయి. ఏ పక్షం వారైనా మొదట వేసుకోవలసిన ప్రశ్నలు రెండు: ఈ నేల ఎట్టిది? దీనిపై బ్రతుకుతున్నవారు ఎవరు? వైశాల్యం తెలిసినంత మాత్రాన దేశం తెలిసినట్లు కాదు. ఒక్కొక్క నేల గుణాన్ని, దానిని నమ్ముకున్న మనిషిని గౌరవించినప్పుడే సమైక్యత అనే మాటకు నిండుదనం చేకూరుతుంది.