ఎర్రదీపం వద్ద విశ్వాసి

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ఆకలితో ప్రాణం పోయే స్థితిలో ఉన్నవానికి నిషిద్ధాహారం సైతం దోషం కాదని బఖరా సూరా 173వ ఆయతు మనకు తెలుపుతోంది. అయితే ఆ సడలింపుకు హద్దులున్నాయి. తినేవానిలో దానిపై ఆశ ఉండరాదు, అవసరాన్ని మించరాదు. అనివార్యత నిషిద్ధాన్ని సడలిస్తుందనీ, ఆ సడలింపు అనివార్యత మేరకేననీ ఫిఖహ్ పండితులు సూత్రీకరించారు. కూడలిలో ఎర్రదీపం దాటే ఆంబులెన్సు విషయంలోనూ మనం ఈ సూత్రాన్నే గుర్తుంచుకోవాలి.

ఎర్రదీపం అంటే ఒక ఒడంబడిక. ఇప్పుడు మీరు వెళ్లండి, మేము ఆగుతామని ఒకరికొకరు పరిచయం లేని మనుషులు ఇచ్చుకున్న మాట. ఒడంబడికలను నెరవేర్చమనే ఆజ్ఞతోనే మాయిదా సూరా మొదలవుతుంది. ప్రాణరక్షణ కోసం ఆంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి ఆ దీపాన్ని దాటే వెసులుబాటును మన దేశ నిబంధనలు ఇచ్చాయి, కాని తగిన జాగ్రత్త వహించాలన్న షరతుతో. పచ్చదీపాన్ని నమ్మి అడ్డంగా వచ్చే స్కూటరువానికి సైరన్ వినపడకపోవచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడడం మానవాళినంతటినీ కాపాడడంతో సమానమన్న అదే మాయిదా సూరా 32వ ఆయతు, అన్యాయంగా ఒక ప్రాణం తీయడం గురించి కూడా అంతే తీవ్రంగా హెచ్చరించింది. కనుక ఆంబులెన్సు నడిపే సోదరులు కూడలి వద్ద వేగం తగ్గించి, ఇరువైపులా చూసుకుని దాటాలి. ఇక రోగి లేకుండా, రోగి కోసం వెళ్లకుండా, కేవలం రద్దీ తప్పించుకోవడానికి సైరన్ మోగించడం అమానతుకు ద్రోహమే. 'నాన్నా పులి' కథ మనకు తెలియనిది కాదు. ఆ అబద్ధపు సైరన్ మూల్యాన్ని మరునాడు నిజమైన రోగి చెల్లిస్తాడు.

మరి మన సంగతి? దారి ఇవ్వనివారికి మోటారు వాహనాల చట్టం 194-ఇ సెక్షన్ ప్రకారం 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. చట్టం అటుంచితే, దారిలోని ఆటంకాన్ని తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఇక్కడ ఆ ఆటంకం ముల్లు కాదు, రాయి కాదు. మన బండే!

సైరన్ వినగానే ఎడమకు జరగాలి. ముందు వరుసలో ఉంటే, చలానా వస్తుందన్న భయంతో బిగుసుకుపోకుండా, వీలైనంత పక్కకు ఒదగాలి. పోలీసు సైగ చేస్తే సాగాలి. అంతేగాని అడ్డంగా వచ్చే వాహనాల మధ్యకు దూకరాదు. ఆంబులెన్సు వెనుకే అంటిపెట్టుకుని దూసుకుపోయేవారిని రోజూ చూస్తున్నాం. అది రోగి కోసం తెరుచుకున్న దారిని దొంగిలించడం.

ఇఖామత్ వినిపించినా పరుగున రావద్దని, ప్రశాంతంగా రమ్మని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఉపదేశించారు. అలాంటప్పుడు జుమా కోసం సిగ్నల్ దాటడం ఏ ఆరాధన? మస్జిదు ముందు రోడ్డుకు అడ్డంగా బండి నిలిపి సజ్దాలో ఉన్నవానికి బయట మోగే సైరన్ వినిపించినా లేచి రాలేడు. నేడు అలా నిలిపినవారు ఎవరైనా ఉంటే, జమాఅత్ మొదలుకాకముందే వెళ్లి తీసి రండి. మీ స్థానం మేము ఉంచుతాము.

యా అల్లాహ్! ఈ ఘడియలో ఆంబులెన్సులలో ఉన్న రోగులకు స్వస్థత ప్రసాదించు. వారిని మోసుకెళ్తున్నవారిని, వారికి దారి ఇస్తున్నవారిని కాపాడు. ఆమీన్.