ఉద్దానమున ఒక యింటి జమాఖర్చు

శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసను, కొబ్బరి జీడిమామిడి తోటలతో కన్నులపండువుగా నుండు ఉద్దానసీమను చూచినవారెవరును, కవిటి మొదలు వజ్రపుకొత్తూరు దాక ఆ పల్లెలలో, కారణ మింకను నిశ్చయముగా తేలని మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా సంసారములను గుల్లచేయుచున్నదని యూహింపజాలరు.

వ్యాధి ముదిరినవారికి వారమునకు రెండు మూడు మారులు, మారునకు సుమారు నాలుగు గంటలు, యంత్రముచే రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, జరుగవలెను. 2007లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకము ఆ వ్యయభారమును చాలవరకు తగ్గించినది. డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పడినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు వెలసినది. ఇవి సామాన్యమైన మేళ్లు కావు.

అయినను, తోటపనికి పోవలసిన భర్త మంచము పట్టగా, అతనిని ఆటోలో ఆసుపత్రికి చేర్చి, తడిగుడ్డతో పెదవులు తుడుచుచు ప్రక్కనే కూర్చుండు భార్యకును ఆ దినపు కూలి పోవుచున్నదే, దానిని ఏ పద్దున వ్రాయుదుము? మొదట పుస్తెలతాడు కుదువకు పోవును, పిమ్మట కొబ్బరిచెట్లు, ఆ పిమ్మట కొడుకు చదువు.

తొలిదశలో ఈ వ్యాధి నొప్పి తెలియనీయదు. కావున ఉద్దానవాసులారా, ఇంట నొకరికి ఈ జబ్బున్నచో, తక్కినవారెల్లరును ఏటేట తప్పక మూత్రపిండముల పనితీరు తెలుపు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకొనుడు.