అత్తి, మేడి, అంజూర



ఖురాన్ 95వ సూరా 'అత్తీన్'. తీన్ అంటే అంజూర అని మేం బడిలో చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "అత్తి అంటే అత్తీనే కదా సార్?" అన్నాడు. నవ్వుకున్నాం గానీ తప్పు వాడిది కాదు. మన ఊళ్ళలో అత్తి, మేడి అంటే మొద్దుకే గుత్తులుగా కాసే చెట్టు. అంజూర వేరు. దాన్ని సీమ అత్తి అని పిలవడంతో చిక్కు వచ్చింది.

పోయినేడు మీ చందాలతో వితంతు తల్లుల ఇళ్ళకు పంచిన మొక్కల్లో నాలుగు మేడివే. కాయలమ్మి నాలుగు రూపాయలు చూస్తారనుకున్నాం. నర్సరీ చీటీ మీద 'అంజూర' అనే ఉంది. ఆకు చూసైనా పోల్చుకోవలసింది మేమే. అంజూర ఆకు చేతివేళ్ళలా చీలి గరుకుగా ఉంటుంది, మేడాకుకు చీలికలుండవు.

రకాల పేర్లు మరీ తిరకాసు. పూనా రకం పరాగసంపర్కం లేకుండానే కాస్తుంది. టర్కీ స్మిర్నా రకానికి ఒక చిన్న కీటకం పుప్పొడి తేవాలి, లేదా పిందె రాలిపోతుంది. అదే కాలిఫోర్నియా చేరి 'కాలిమిర్నా' అయింది. పేరు చూసి మురిసి కొనేవాళ్ళకు ఇదేం తెలుస్తుంది?

ఈసారి చీటీ నమ్మం. కాస్తున్న చెట్టు కళ్ళారా చూసి, దాని కొమ్మలే తెచ్చి నాటిస్తాం. మొదటి నాలుగూ ఆ నాలుగు ఇళ్ళకే.