పంటి తొడుగు వెల యెంత?



మార్గశిరము దాటి సంక్రాంతి సమీపించుచున్నదనగా, రామచంద్రాపురము మొదలు సంగారెడ్డి వరకు బొంబాయి రహదారికి ఇరుప్రక్కలనున్న దంతవైద్యశాలలలో, అమెరికానుండి సెలవులకు వచ్చిన మన పిల్లలును, గల్ఫుదేశములనుండి రెండేండ్లకొకసారి ఇల్లు చూచుకొన వచ్చు మన పల్లెలవారును, తిరుగు ప్రయాణములోపల పండ్లకు తొడుగులు వేయించుకొని పోవలెనను తొందరతో బల్లలమీద కూర్చుండి కనబడుదురు. ఆ బల్లమీదనే, పాశమైలారపు కర్మాగారములో రాత్రి షిఫ్టు ముగించుకొని దవడమీద చేయి వేసికొని వచ్చిన కార్మికుడొకడు కూర్చుండును. ఇరువురికిని కావలసిన తొడుగు ఒక్కటియే, వెలయు నొక్కటియే. అయినను అది మొదటివానికి మిక్కిలి చవుక, రెండవవానికి సగము నెల జీతము. ఆ వెలను గూర్చియు, వెలచీటిమీద కానరాని మరికొన్ని ఖర్చులను గూర్చియు, కృత్రిమదంతనిర్మాణమే వృత్తిగా గలవాడను గనుక, నాకు తెలిసినంత మీకు విన్నవింపదలచినాను.

మనవారు క్యాప్ అని పిలుచు ఈ తొడుగు ఎందులకు వేయుదుమో ముందుగా చెప్పవలసియున్నది. పుచ్చు లోతునకు దిగి నరమును తాకినప్పుడు, పన్ను పెరికివేయుటకు మారుగా, లోపల చెడిన భాగమును శుభ్రపరచి మూలముల కొసవరకు నింపు చికిత్సనే మీరు రూట్ కెనాల్ అందురు. అట్టి పన్ను జివ్వుమనదు. కాని పుచ్చు తినివేసినదానికి చికిత్సకై మేము తవ్వినదియు తోడై దాని గోడలు పలుచబడుటచేత, అన్నములో రాయి తగిలిననాడో, వేయించిన శనగలు కొరికిననాడో నిలువున చీలిపోవును. నిలువున చీలిన పంటిని బ్రతికించు ఉపాయము సాధారణముగా లేదు. దవడపంటికి తొడుగు వేయుట ప్రధానముగా ఆ చీలికను నివారించుటకే.

అయితే తొడుగు పట్టుటకు చోటు కావలెను గదా! అందులకై పంటిని చుట్టును, పైభాగమునను ఒకటి మొదలు రెండు మిల్లీమీటర్ల మేర అరగదీయుదుము. ఇది వినుటకు స్వల్పముగా తోచును. ముందరి పండ్ల విషయమున 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ అను నిరువురు పరిశోధకులు అరగదీతకు ముందును తరువాతను తూచి లెక్కవేయగా, పూర్తి తొడుగు నిమిత్తము పంటి పైభాగపు బరువులో 63 మొదలు 72 శాతము వరకు పోవుచున్నదని తేలినది. ఎముక విరిగిన అతుకుకొనును, చర్మము తెగిన పూడుకొనును. పంటిపైనుండు ఎనామెల్ మాత్రము ఒకసారి పోయినచో ఈ జన్మమున మరల పుట్టదు. నేడు నేను చెప్పబోవు సమస్తమునకును ఈ యొక్క విషయమే ఆధారము.

ఇక విదేశములలోని వెల. 1965వ సంవత్సరమున అమెరికాలో రెండు చట్టములు వచ్చినవి. ఒకటి వృద్ధుల వైద్యమునకై యేర్పడిన మెడికేర్. రెండవది అంతకుముందు ఆసియావాసులకు దాదాపు మూసియుంచిన తలుపులను తెరచిన వలసచట్టము. రెండవదాని పుణ్యమున మన తెలుగు వైద్యులును, ఇంజనీరులును అక్కడ వేలకొలది స్థిరపడిరి. మొదటిదానిలో సాధారణ దంతవైద్యము చేర్చబడలేదు, మూలపథకమున ఆ లోటు నేటికిని తీరలేదు. ఉద్యోగముతోపాటు లభించు దంతబీమా తొడుగు ఖర్చులో సామాన్యముగా సగము భరించును, అదియు సంవత్సరమునకు వేయి, పదునైదువందలు, మహా యైన రెండువేల డాలర్ల పరిమితికి లోబడి. ఒక తొడుగునకు అక్కడ వేయి డాలర్లకు తక్కువ పలుకుట అరుదు, రెండువేలు పలుకుటయు కలదు. దాని క్రింద రూట్ కెనాల్ చేయవలసివచ్చినచో ఇంచుమించు అంత మొత్తము మరల కావలెను. రెండు పండ్లు చెడినచో ఆ యేటి బీమా అంతటితో సరి. కొడుకునో కూతునో చూడబోయిన తలిదండ్రుల మాట చెప్పనే అక్కరలేదు. వారు కట్టుకొనిపోవు ప్రయాణబీమా పంటినొప్పికి తాత్కాలికోపశమనమును మించి చెల్లించుట అరుదు.

ఇంగ్లండులో లెక్క వేరు. ప్రభుత్వ వైద్యసేవ క్రింద తొడుగుతో కూడిన చికిత్సాక్రమమునకు రోగి చెల్లింపవలసినది 2025 ఏప్రిల్ నాటికి 326 పౌండ్ల 70 పెన్నీలు. ఆ క్రమమున ఎన్ని తొడుగులు అవసరమైనను రుసుము అంతియే. కాని ఆ సేవ క్రింద క్రొత్త రోగిని చేర్చుకొను దంతవైద్యుడు దొరకుటయే అక్కడి కష్టము.

మనయొద్ద లోహముపై పింగాణీ పూసిన తొడుగు మూడు నాలుగు వేల రూపాయలకు మొదలగును. జిర్కోనియా అను గట్టి తెల్లని పదార్థపు తొడుగు ఎనిమిది, పది, పదునైదు వేలవరకు పోవును. ఈ తారతమ్యమును చూచి, ఇక్కడి సామగ్రి నాసిరకమని కొందరు శంకింతురు. ఆ శంక నిజముకాదు. తొడుగులు చేయు మంచి ల్యాబులు జర్మనీ, జపాను దేశపు జిర్కోనియా దిమ్మెలనే తెప్పించి, అక్కడివంటి యంత్రములమీదనే కోయుచున్నవి. అమెరికా వెలలో అధికభాగము గది అద్దె, సహాయకుల జీతములు, వ్యాజ్యభయమునకు కట్టు బీమా, దంతవైద్యుడు చదువునకై చేసిన అప్పు. ఆ భారములు తక్కువగుటచేతనే ఇక్కడ వెలయు తక్కువ.

వెల తక్కువయైనచోటికి జనులు తరలిపోవుట మనకొక్కరికే పరిమితమైనది కాదు. ఆస్ట్రియావారు సరిహద్దు దాటి హంగేరీలోని షోప్రాన్ పట్టణమునకు పోవుదురు. అమెరికావారు కాలినడకను సరిహద్దు దాటి, వీథివీథిని దంతవైద్యశాలలే గల లాస్ ఆల్గొడోనెస్ అను మెక్సికో గ్రామమునకు పోవుదురు. బ్రిటిషు యువజనులు టర్కీకి పోయి నవ్వులు మార్పించుకొని వత్తురు. ఈ కడపటివారిలో అనేకులు, పలుచని పలకలు అతికింతురనుకొని పోయి, ఆరోగ్యముగానున్న పండ్లను మొగ్గలవలె సన్నగా అరగదీయించుకొని తొడుగులతో తిరిగివచ్చిరని అక్కడి దంతవైద్యులే ఆందోళన వెలిబుచ్చినారు.

ఈ యాందోళన మనకును చెందినదే. విమానపు రానుపోను టిక్కెట్టు లక్ష రూపాయలకు పైబడుచున్నప్పుడు, ఒక్క పంటి నిమిత్తము వచ్చినవానికి మిగులునది స్వల్పము. ఎనిమిది పండ్లకు వేయించుకొన్నచో మిగులు ఘనముగా కనిపించును. కావున బల్లమీద కూర్చున్నవాడు, "ఎట్లాగూ ఇంత దూరం వచ్చినా కదా డాక్టర్‌గారూ, ముందరివి కూడా చేసేయండి" అనును. ఎదుటనున్న వైద్యుడు ఆ మాటను కాదనుటకు ధనమును వదలుకొనవలెను. ఇట్లు టిక్కెట్టు వెల రోగి నోటిలో ప్రవేశించి, వ్యాధిలేని పండ్లను అరగదీయించుచున్నది. కొంచెము వంకరగానున్న పంటికి, కొంచెము పచ్చబడిన పంటికి తొడుగు వైద్యము కానేరదు. నల్గొండ ప్రాంతమున ఫ్లోరైడు నీరు త్రాగి పెరిగి, ఇక్కడి కర్మాగారములలో పనిచేయు యువకులు పెండ్లి కుదిరినదనగానే గోధుమరంగు మచ్చలకు తొడుగులడుగుదురు. వారి బాధ నాకు తెలియును, తమ దోషమేమియు లేకయే నవ్వుటకు నోరు మూసికొనవలసినవారు వారు. కాని ఆ పండ్లలో చాల భాగము గట్టివి. పైపొరను మందుతో స్వల్పముగా తేర్చియో, తెల్లని సిమెంటు పలుచగా పూసియో మచ్చ మాపుటకు వీలున్నంతవరకు తొడుగు జోలికి పోరాదని నా దృఢాభిప్రాయము.

తొడుగు మంచిచెడ్డలు దేనియందున్నవని అడిగినచో, దాని అంచునందున్నవని చెప్పుదును. చిగురు దగ్గర తొడుగు ముగిసి పన్ను మొదలగుచోట వెండ్రుకవాసి సందైనను ఉండరాదు. ఊరగాయ జాడీమీద మూత సరిగా కూర్చుండనిచో పైకేమియు తెలియకయే లోపల బూజుపట్టినట్లు, ఆ సందులో చేరిన క్రిములు తొడుగు క్రింద పంటిని తినివేయుచుండగా, పైన పింగాణీ మాత్రము ధగధగలాడుచుండును.

ఆ అంచు కుదురుటకు ఎన్ని చేతులు పనిచేయునో మీరు చూచియుండరు. అరగదీత ముగిసిన పిదప చిగురుకును పంటికిని నడుమ సన్నని నూలుపోగు దూర్చి, చిగురు కొంత వెనుకకు తగ్గినదాక నిలిచి, అప్పుడు రబ్బరు మందుతో అచ్చు తీయుదుము. ఆ అచ్చులో పోసిన గట్టి జిప్సము నమూనా హైదరాబాదులోని ల్యాబుకు పోవును. అక్కడ పనివాడొకడు భూతద్దము క్రింద ఆ చిన్నపంటిని త్రిప్పుచు, అరగదీత ఎచ్చట నిలిచినదో ఆ గీతవెంట ఎఱ్ఱ పెన్సిలు చుట్టును నడిపించును. నేను చేసిన అరగదీత స్పష్టముగా నున్నచో ఆ గీత తెగక చుట్టివచ్చును. నేను తొందరపడియున్నచో ఒకచోట అతని చేయి ఆగిపోవును. అట్లు ఆగినప్పుడు నాకు ఫోనుచేసి మరల అచ్చు తీయుమని అడుగు పనివాడు దొరకుట రోగి భాగ్యము. తొడుగు వచ్చిన తరువాత సిమెంటు పెట్టకయే కూర్చుండబెట్టి, ప్రక్కపండ్ల నడుమ దారము దూర్చి చూచి, నీలికాగితము కొరికించి, ఎత్తుగానున్నచోట పడిన చుక్కను అరగదీసి, మరల కొరికింతుము. ఇందులో ప్రతి మెట్టునకును గడువు కావలెను. ఏడవనాడు విమానమెక్కువానికి ఎత్తు కుదిరినదో లేదో తెలియు వ్యవధి యెక్కడిది?

లోహపు తొడుగును చులకనగా చూడకుడని మరియొక మనవి. 1907లో టాగర్ట్ అను అమెరికా దంతవైద్యుడు మైనపునమూనాను కరగించి ఆ ఖాళీలో బంగారము పోయు పద్ధతిని దంతవైద్యమున ప్రచారమునకు తెచ్చినది మొదలు, 1962లో లోహముపై పింగాణీ నిలుపు మార్గమునకు వైన్‌స్టైన్ ప్రభృతులు పేటెంటు పొందువరకు, దవడపండ్లను కాపాడినది ప్రధానముగా లోహపు తొడుగే. దానికి అరగదీయవలసిన భాగము తక్కువ, అది పగులదు, వెల తక్కువ. నవ్వినప్పుడు కనబడని వెనుకటి దవడపంటికి అది నేటికిని ఉత్తమమైనదే. నికెలు పడనివారు మాత్రము ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఇక బల్లమీది రెండవవాని సంగతి. కార్మికుల వైద్యబీమాయైన ఈ.ఎస్.ఐ. పథకమునకు 2017లో నిర్ణయించిన జీతపు పరిమితి నెలకు 21,000 రూపాయలు. ఆ పరిమితిలోపలివానికి పదివేల తొడుగు ఎట్టిదో మీరే యూహింపుడు. అందువలన అతడు, "సార్, క్యాప్ గీప్ ఏం వద్దు, పన్ను గుంజి పారేయండి" అనును. గుంజుటకు కొన్ని వందలు చాలును. కాని కొన్ని యేండ్లలో ప్రక్కపండ్లు ఆ ఖాళీలోనికి వ్రాలును, ఎదుటి పన్ను దవడనుండి దిగివచ్చును. నమలుట ఒకవైపునకే పరిమితమై ఆవైపు పండ్లును అరుగును. అప్పుడు వంతెన కట్టవలెనన్న ఇరుప్రక్కల మంచిపండ్లను అరగదీసి మూడు తొడుగుల వెల చెల్లింపవలెను. ఆ వెల లేనివాడు సంతలో చెట్టుక్రింద పండ్లు కట్టువానియొద్దకు పోయి, ప్రక్కపంటికి తీగచుట్టి అంటించిన ప్లాస్టికు పన్ను పెట్టించుకొని, చిగుళ్లు చీముపట్టిన తరువాత మాయొద్దకు వచ్చును. నమోదులేనివారు దంతవైద్యము చేయుటను 1948 నాటి దంతవైద్యుల చట్టమే నిషేధించినది. అయినను పేదరికము చట్టముకంటె ముందుగా ఆ చెట్టునొద్దకు చేరుచున్నది.

ఒడిశానుండియు, బీహారునుండియు ఇస్నాపూరు గదులలో ఆరుగురెనమండుగురు చొప్పున ఉండి పనిచేయువారు రూట్ కెనాల్ సగములో విడిచి ఊరికి పోవుదురు. గడువు చాలక తాత్కాలికపు సిమెంటుతోనే అమెరికాకు పోవువానికిని వీరికిని కలుగు కీడు ఒక్కటియే, చికిత్స సగములో నిలిచిపోవుట.

కావున ఏ దూరమునుండి వచ్చినవారైనను, వచ్చిన మొదటి వారములోనే చూపించుకొనుడు. మూడు వారములకు తక్కువ వ్యవధియున్నచో రూట్ కెనాల్ తోపాటు తొడుగు తలపెట్టకుడు. చికిత్సకు ముందును పిదపను తీసిన ఎక్స్‌రేలను, తొడుగు ఏ పదార్థముతో చేసినదో, రంగు సంఖ్య యేదో వ్రాసిన కాగితమును, ల్యాబువారి కార్డును అడిగి తీసికొనుడు. రేపు డాలసులోనో దమ్మాములోనో మరియొక వైద్యుడు చూడవలసివచ్చినప్పుడు అతనికవి కన్నులవలె ఉపకరించును. ఆరోగ్యముగానున్న పంటికి తొడుగు వేయుదునన్న వైద్యుని కారణమడుగుడు. కారణము మీకు బోధపడనిచో లేచి రండు. వెల భరింపలేనివారు ఇక్కడికి సమీపమున ఫసల్‌వాదిలోని ఎం.ఎన్.ఆర్. దంతకళాశాలకో, అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంతకళాశాలకో పోవుడు. అక్కడ విద్యార్థులు గురువుల పర్యవేక్షణమున పనిచేయుదురు, రోజులు ఎక్కువ పట్టును, రుసుము తక్కువ.

మరియొక మాట కర్మాగారముల పెద్దలకు. ఆమ్లపుటావిరి నడుమ సంవత్సరములకొలది పనిచేయువారికి పెదవి కప్పని ముందరిపండ్ల కొనలు క్రమముగా కరగి కురచబడునని వైద్యశాస్త్రము చాలకాలముగా ఎరుగును. ప్రమాదకర ప్రక్రియలలో పనిచేయువారికి పండ్రెండు నెలలు మించకుండ వైద్యపరీక్ష జరుపవలెనని కర్మాగారముల చట్టమునకు 1987లో చేసిన సవరణ విధించినది. ఆ పరీక్షలో ఊపిరితిత్తులు చూతురు, రక్తము తీయుదురు, కాని నోరు తెరవుమని అడుగుట నేను చూచినంతలో అరుదు. ఒక చిన్న అద్దమును, ఒక దీపమును, ఐదు నిమిషముల కాలమును అందులకు చాలును. పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారములలో ఏ కర్మాగారమువారు పిలిచినను, ఆమ్లవిభాగమున పనిచేయువారి నోళ్లు రుసుములేకుండ చూచుటకు నేనును, నా సహవైద్యులును సిద్ధముగానున్నాము. సభానంతరము ద్వారమునొద్దనుండు పుస్తకములో మీ కర్మాగారము పేరు వ్రాసిపొండు.